పాత హ్యాండ్‌మేడ్ రేసింగ్ సైకిల్ అసలుదో కాదో తేల్చుకోవడం ఎలా

చేత్తో కట్టిన పాత రేసింగ్ సైకిల్ ఒకటి అమ్మకానికి కనపడింది, డౌన్ ట్యూబ్ మీద (హ్యాండిల్ దగ్గర్నుంచి పెడల్స్ దాకా దిగే గొట్టం) పెద్ద పేరు మెరిసిపోతోంది, అమ్మే ఆయనేమో ఇది ఫలానా బిల్డర్ సొంత చేతి పని, ఫలానా ఏడాదిది, ఫలానా రేసర్ తొక్కింది అంటున్నాడు. ముందు ఆ పేరుని కాసేపు పక్కన పెట్టేయండి. స్టిక్కర్లు ఎవరైనా ప్రింట్ చేయించుకోవచ్చు, రంగు ఎక్కడైనా వేయించుకోవచ్చు, ఒక సైకిల్ పార్టులు విప్పి ఇంకోదానికి బిగించుకోవచ్చు. మార్చడం కష్టమైనవన్నీ ఫ్రేమ్‌లోనే ఉంటాయి, అవి కూడా చాలావరకు పార్టుల కింద దాక్కుని ఉంటాయి. అందుకే చూడటం అడుగు నుంచి, అంటే పెడల్ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ నుంచి మొదలుపెట్టండి, పేరు సంగతి ఆఖర్న చూస్కోవచ్చు.

సామాను పెద్దగా అక్కర్లేదు. వెర్నియర్ కాలిపర్, మంచి టార్చి, చిన్న అయస్కాంతం, పల్చటి తెల్ల కాగితం, మెత్తటి పెన్సిల్ చాలు, ఫోన్‌కి తగిలించే సన్నటి పైప్ కెమెరా కూడా ఉంటే ఇంకా మంచిది. వీటన్నిటికన్నా ముఖ్యం, అమ్మే మనిషి క్రాంకులు (పెడల్ చేతులు), ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) విప్పి చూపించడానికి ఒప్పుకోవడం. అంత అరుదైన సైకిల్ అని చెప్తూ విప్పడానికి మాత్రం కుదరదంటే అక్కడితో వదిలేయడం నయం. దూరం నుంచి కొంటుంటే ఆ రెండూ విప్పాక తీసిన ఫోటోలు అడగండి, కొలతలు కాలిపర్ ఫ్రేమ్ మీద పెట్టి ఉండగానే ఫోటో తియ్యమనండి.

బాటమ్ బ్రాకెట్ దగ్గర మొదట షెల్, అంటే ఆ ఇరుసు కూర్చునే అడ్డం గొట్టం, దాని వెడల్పు కొలవండి. ఇటలీ ఫ్రేమ్ అయితే మామూలుగా 70 మి.మీ. ఉంటుంది, థ్రెడ్ 36 మి.మీ., అంగుళానికి 24 చుట్లు, రెండు వైపులా కుడి మర. ఇంగ్లండ్ ఫ్రేమ్ 68 మి.మీ., థ్రెడ్ 1.37 అంగుళాలు, చైన్ వైపు మాత్రం ఎడమ మర. పాత ఫ్రెంచ్ ఫ్రేములు 68 మి.మీ. వెడల్పు, 35 మి.మీ. థ్రెడ్, పిచ్ 1 మి.మీ., రెండు వైపులా కుడి మరే. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, థ్రెడ్లు అరిగిపోయిన ఇంగ్లిష్, ఫ్రెంచ్ షెల్స్‌ని బాగుచేయడానికి కొంచెం పెద్ద సైజని ఇటాలియన్ థ్రెడ్ కోయించేవాళ్లు, కాబట్టి 68 మి.మీ. షెల్‌లో 36 మి.మీ. థ్రెడ్ కనపడితే ఒకటి అది రిపేరు అయిన ఫ్రేమ్ అయ్యుండాలి, లేదా ఇటలీ పేరు అంటించిన వేరే దేశం ఫ్రేమ్ అయ్యుండాలి. అలాగని థ్రెడ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పేయకండి, బయటి దేశాలకి పంపడం కోసం ఇంగ్లిష్ థ్రెడ్‌తో కట్టిన ఇటలీ ఫ్రేములు కూడా ఉన్నాయి. అనుమానం వచ్చిందని రాసి పెట్టుకుని ముందుకెళ్లండి.

క్రాంకు విప్పించారు కదా, అదే షెల్ లోపలికి టార్చి వేయండి. డౌన్ ట్యూబ్, సీట్ ట్యూబ్ చివర్లు లోపలికి వచ్చే చోటు కనపడుతుంది. ఇటలీ కంపెనీ కొలంబస్ చేసిన ఎస్‌ఎల్‌ఎక్స్ రకం ట్యూబులైతే ఆ చివర్ల లోపలి గోడ మీద మెలి తిరిగిన గట్లు ఉంటాయి, తుపాకీ గొట్టంలో ఉన్నట్టు. బయట ఎస్‌ఎల్‌ఎక్స్ స్టిక్కర్ ఉండి లోపల నున్నగా ఉంటే ఆ స్టిక్కర్ తర్వాత అంటించిందే. ఎస్‌ఎల్‌ఎక్స్ వచ్చిందే 1980లలో, కాబట్టి 1972 ఫ్రేమ్ అని చెప్తూ లోపల ఆ గట్లు కనపడినా అబద్ధమే. తర్వాత ఫోర్కు తీయించి స్టీరర్ చూడండి, అంటే హెడ్ ట్యూబ్‌లోకి దూరే ఫోర్కు పై గొట్టం. కొలంబస్ ఎస్‌ఎల్, ఎస్‌పీ స్టీరర్ల కింది భాగంలో లోపల ఇలాంటి గట్లే 5 ఉంటాయి, బయట చాలాసార్లు కొలంబస్ గుర్తయిన పావురం ముద్ర కూడా కొట్టి ఉంటుంది. స్టిక్కర్ తయారుచేసేవాడి చెయ్యి ఇక్కడిదాకా రాదు, అందుకే ఫోర్కు విప్పించకుండా డబ్బులిచ్చేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

స్టీరర్ మీద ఇంకో మంచి సాక్ష్యం దొరకొచ్చు. ఇంగ్లండ్ బిల్డర్లలో చాలామంది ఫ్రేమ్ నంబర్‌నే స్టీరర్ మీద కూడా కొట్టేవాళ్లు. రెండూ కలిస్తే ఫ్రేమూ ఫోర్కూ కలిసి పుట్టినవని అర్థం. కలవకపోతే ఎప్పుడో యాక్సిడెంట్‌లో ఫోర్కు పోయి వేరేది వేశారు, అది మోసం అవ్వాలని లేదు గానీ రేటు మాత్రం తగ్గాలి.

సీట్ పోస్ట్ సైజు కూడా చాలా చెప్తుంది, కొలవడం రెండు నిమిషాల పని. ఇంగ్లండ్ కంపెనీ రేనాల్డ్స్ చేసిన డబుల్ బటెడ్ (చివర్లు మందంగా, మధ్య పల్చగా ఉండే) 531 ఇంపీరియల్, అంటే అంగుళాల కొలతల ట్యూబులకి, కొలంబస్ ఎస్‌ఎల్‌కి మామూలుగా 27.2 మి.మీ. పోస్ట్ పడుతుంది. ఫ్రెంచ్ మెట్రిక్ 531కి 26.4 దగ్గర ఉంటుంది, వాటి సీట్ ట్యూబ్ బయట 28 మి.మీ. ఉంటుంది, ఇంపీరియల్‌ది 28.6. టాప్ బిల్డర్ ఫ్రేమ్ అని చెప్తూ అందులో 25 చిల్లర పోస్ట్ పడుతోందంటే అది గోడ మందంగా ఉన్న మామూలు ట్యూబ్. పైన ఏ పేరు రాసున్నా సరే.

ఇప్పుడు నంబర్. ఫ్రేమ్ నంబర్ షెల్ కింద ఉండొచ్చు, వెనక డ్రాపౌట్ (చక్రం ఇరుసు దిగే గాడి) మీద ఉండొచ్చు, సీట్ లగ్ (సీటు దగ్గర ట్యూబుల్ని కలిపే తొడుగు) దగ్గరా ఉండొచ్చు, కొంతమంది ఇటలీ బిల్డర్లు అసలు కొట్టలేదు కూడా. అసలు నంబర్ రంగు వేయకముందే కొడతారు, కాబట్టి అంకెల గుంటల్లోకి రంగు ఒకే పొరగా దిగి ఉండాలి. రంగు మీదనుంచి కొట్టిన నంబర్ అయితే అంకె అంచుల్లో రంగు పెచ్చులూడి ఉంటుంది, గుంట అడుగున మెరిసే లోహం కనపడుతుంది. నంబర్ చుట్టూ షెల్ గుండ్రంగా కాకుండా పలకగా అరగదీసినట్టు ఉంటే పాత నంబర్‌ని ఆకురాయితో గీకేసి కొత్తది కొట్టారేమో అనుకోవాలి. కాగితం దాని మీద పరిచి పెన్సిల్‌ని అడ్డంగా పెట్టి మెల్లగా రుద్దండి, కంటికి కనపడని పాత అంకెల నీడ ఒక్కోసారి కాగితం మీద తేలుతుంది. ఆ కాగితం పారేయకండి, తర్వాత పనికొస్తుంది.

నంబర్ ఎంత తేడా తెస్తుందో ఇంగ్లండ్ కంపెనీ రాలీ టీమ్ సైకిళ్ల దగ్గర బాగా తెలుస్తుంది. టీఐ-రాలీ టీమ్‌కి ఫ్రేములు ఇల్కెస్టన్‌లో 1974లో మొదలైన ప్రత్యేక విభాగంలో, ఎస్‌బీడీయూ అంటారు, జెరాల్డ్ ఓ'డోనోవన్ ఆధ్వర్యంలో చేత్తో కట్టేవాళ్లు, 1980లో జూప్ జూటెమెల్క్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది ఈ టీమ్‌తోనే. అదే ఎరుపు, పసుపు, నలుపు రంగుల్లో జనానికి అమ్మే టీమ్ మోడల్స్ వర్క్‌సాప్ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. దూరం నుంచి రెండూ కవలపిల్లల్లా ఉంటాయి, కానీ ఇల్కెస్టన్ ఫ్రేమ్ నంబర్ ఎస్‌బీతో మొదలవుతుంది, వర్క్‌సాప్ నంబర్ డబ్ల్యూతో. వర్క్‌సాప్ ఫ్రేములు కూడా చక్కటి ఫ్రేములే, వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, డబ్ల్యూ ఫ్రేమ్‌కి ఎస్‌బీ రేటు అడిగితేనే నా అభ్యంతరం.

తర్వాత ఏడాది లెక్క. అమ్మే మనిషి చెప్పిన ఏడాదిని కాగితం మీద రాసుకుని ఫ్రేమ్ మీదున్న ప్రతి చిన్న విషయాన్నీ దాంతో పోల్చండి. వెనక డ్రాపౌట్ల మధ్య దూరం 5 గేర్ల కాలంలో 120 మి.మీ., 6, 7 గేర్లు వచ్చాక 126, 8 నుంచి 130. దీన్ని తర్వాత వంచి వెడల్పు చేసేవాళ్లు కాబట్టి ఎక్కువుంటే కంగారు పడక్కర్లేదు. బ్రేక్ బోల్టు నట్టు లోపలికి దిగేలా వెనక వైపు పెద్ద రంధ్రం చేయడం 1970ల చివర్లోగానీ మామూలు కాలేదు, 1960ల ఫ్రేమ్‌కి అది ఉంటే ఎవరో తర్వాత డ్రిల్ చేశారన్నా ఉండాలి, ఏడాదన్నా తప్పుండాలి. కేబుల్ గైడ్లు, బాటిల్ బోల్టులు దిగే చిన్న మర దిమ్మెలు (బాసులు) కూడా అంతే, పాత రేసింగ్ ఫ్రేముల్లో ఎక్కువగా క్లిప్పులతో బిగించేవాళ్లు, 1970లలో మెల్లగా ఫ్రేమ్‌కే బ్రేజ్ చేయడం (లోహం కరిగించి అతకడం) పెరిగింది. రేనాల్డ్స్ 531 వచ్చింది 1935లో, 753 వచ్చింది 1970ల మధ్యలో, అదీ రేనాల్డ్స్ పెట్టిన టెస్ట్ పాసైన బిల్డర్లకే ఇచ్చేవాళ్లు, కాబట్టి 753 స్టిక్కర్ చూడగానే ఆ బిల్డర్‌కి ఆ అనుమతి ఉందా అని వెతకండి. ఇటలీ బ్రాండ్ చినెల్లి అయితే 1978లో కొలంబో కుటుంబం చేతికి వెళ్లాక లోగో మారింది, కొత్త లోగోతో 1968 చినెల్లి అంటే కనీసం రంగైనా తర్వాత వేసిందే. బిల్డర్ మారియో కాన్‌ఫెంటె 1979లో చనిపోయాడు, ఆయన పేరుతో 1980ల లక్షణాలున్న ఫ్రేమ్ వస్తే ఇక మాట్లాడటానికేం లేదు.

పేరుకీ కట్టిన చేతికీ తేడా ఉండటం మాత్రం ఎప్పుడూ మోసం కాదు, ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. రేసర్లు తమకి నచ్చిన బిల్డర్ దగ్గర ఫ్రేమ్ కట్టించుకుని దానిమీద టీమ్ స్పాన్సర్ పేరు రాయించుకోవడం అప్పట్లో మామూలే. మిలాన్‌లో విగొరెల్లి వెలోడ్రోమ్ (సైకిల్ రేసుల ట్రాక్) దగ్గర షాపు పెట్టుకున్న ఫాలియెరో మాసి చేతి ఫ్రేములు వేరే పేర్లతో రేసులకి వెళ్లాయి. బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్‌కి మాసి, కోల్నాగో, డి రోసా అనే ముగ్గురు బిల్డర్లూ కట్టారు, 1972 అక్టోబర్ 25న మెక్సికో సిటీలో గంటలో 49.431 కి.మీ. తొక్కిన సైకిల్ కోల్నాగోది. సరిగ్గా ఈ అలవాటునే అడ్డం పెట్టుకుని మామూలు ఫ్రేమ్ చూపించి లోపల ఇది మాసినే అని చెప్పేవాళ్లూ ఉంటారు, అలాంటప్పుడు లగ్గుల పనితనం ఒక్కటే దారి. లగ్ అంచు పల్చగా సాగదీసినట్టు ట్యూబ్‌లోకి కలిసిపోయిందా, రెండు వైపులా కోసులు ఒకేలా ఉన్నాయా, ఫోర్క్ క్రౌన్ భుజం, వెనక చక్రం దగ్గర్నుంచి సీటు దాకా వచ్చే సీట్ స్టేలు పైన సీట్ లగ్‌కి అతికిన తీరు ఎలా ఉన్నాయి, ఇవన్నీ అనుమానం లేని అదే బిల్డర్ ఫ్రేముల దగ్గరి ఫోటోలతో పక్కపక్కన పెట్టి చూడండి. ఒక బిల్డర్ ఆకురాయి పట్టే తీరు ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ పెద్దగా మారదు, ఇరవై ముప్ఫై ఫోటోలు చూశాక మీ కంటికే పట్టుబడుతుంది.

రంగు గురించి ఎక్కువ చెప్పను. అసలు రంగైతే గేర్ లివర్ పట్టీ కింద, కేబుల్ క్లిప్పుల కింద, హెడ్ ట్యూబ్ పక్కన కేబుల్ రాసుకున్న చోట ఆనవాళ్లు ఉండాలి, డ్రాపౌట్ల మీద చక్రం బిగించిన గాట్లు ఉండాలి. పట్టీ తీసి చూస్తే దాని కింద రంగు మిగతాదానికన్నా కొత్తగా ఉండి అంచు గీతలా కనపడితే మంచి సూచన. అంతా అద్దంలా ఉంటే మళ్లీ వేశారని అర్థం. క్రోమ్ మళ్లీ పూయించిన ఫ్రేముల్లో ముందు పాలిష్ పట్టడం వల్ల లగ్ అంచులు, ముద్రలు మెత్తబడిపోతాయి. అయస్కాంతాన్ని ట్యూబుల మీద మెల్లగా జరపండి, ఒకచోట పట్టు వదులైతే కింద లొట్టకి పుట్టీ కొట్టారేమో చూడాలి.

పార్టులు ఆఖర్న. ఇటలీ పార్టుల కంపెనీ కంపాన్యోలో చేసిన న్యూవో రికార్డ్ డిరైలర్ (గేరు మార్చేది) 1967లో వచ్చింది, 1970ల నుంచి దాని మీద పేటెంట్ అనే మాట పక్కన ఏడాది అంకెలు ఉంటాయి, పాత కంపాన్యోలో హబ్బుల లాక్‌నట్ల మీద కూడా ఏడాది చివరి రెండంకెలు కొట్టి ఉంటాయి. షిమానో పార్టుల మీద రెండక్షరాల కోడ్ చూడండి, మొదటి అక్షరం ఏడాది, 1976 నుంచి ఏ తో మొదలు, రెండోది నెల. ఫ్రేమ్ ఏడాదికీ వీటికీ ఒకట్రెండేళ్ల తేడా ఉంటే ఏం కాదు. అన్నీ కలిసినా ఫ్రేమ్ అసలుదని రుజువైనట్టు కాదు, ఒక్కటీ కలవకపోయినా నకిలీ అని కాదు, రేసు సైకిల్‌కి పార్టులు అరిగిపోయి మారుతూనే ఉంటాయి.

ఫలానా రేసర్ తొక్కాడు అన్నప్పుడు మాత్రం కాగితం అడగండి. ఆ రేసర్ ఆ సైకిల్ మీద ఉన్న పాత ఫోటో, టీమ్ మెకానిక్ ఇచ్చిన ఉత్తరం, కొన్న రశీదు. ఫోటోలో పంప్ పెగ్ (గాలి పంపు ఆనించే చిన్న మొన), కేబుల్ దారి, టాప్ ట్యూబ్ కింద రేస్ నంబర్ తగిలించే చిన్న రేకు, ఫ్రేమ్ సైజు, ఇవన్నీ మీ ముందున్నదానితో సరిపోవాలి. ఆ రేకు ఒక్కటే ఉంటే చాలదు, దాన్ని తర్వాతైనా అతికించొచ్చు. సైజు అస్సలు వదలొద్దు, 60 సెం.మీ. ఫ్రేమ్ తొక్కే మనిషి 54 సెం.మీ. ఫ్రేమ్‌తో రేసుకి వెళ్లడు.

ఇంత చూశాక కూడా తేలకపోతే ఇంగ్లిష్ ఫ్రేములకి వెటరన్-సైకిల్ క్లబ్‌లో ఒక్కో బ్రాండ్‌ని పట్టించుకునే వాళ్లుంటారు, మిగతా బిల్డర్లకీ నంబర్ల జాబితాలు పెట్టుకున్న అభిమానులుంటారు, వాళ్లకి పెన్సిల్‌తో తీసిన నంబర్ ముద్ర, షెల్ లోపలి ఫోటో, స్టీరర్ ఫోటో, కొలతలు అన్నీ కలిపి పంపండి, పేరూ రేటూ చెప్పకుండా ఇదేమిటని అడగండి. జవాబు వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి, ఇవ్వాల్సొస్తే ఏ బిల్డర్, ఏ ఏడాది, ఫోర్కు అసలుదా కాదా, రంగు మళ్లీ వేసిందా కాదా అన్నవి రశీదు మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. కొన్నాక కూడా పాత రంగునీ సగం చిరిగిన స్టిక్కర్లనీ తుడిచేసి మెరిపించే పని పెట్టుకోకండి, ఇన్ని సాక్ష్యాల్లో సగం వాటి మీదే ఉన్నాయి.