ఐవీఎఫ్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ట్రిగ్గర్ ఇంజెక్షన్ (అండాలు పూర్తిగా పక్వం కావడానికి చివర్లో వేసేది) డాక్టర్ చెప్పిన టైముకే వేయించుకోండి. దాని తర్వాత దాదాపు 36 గంటలకు అండాలు తీస్తారు. ఈ లెక్క తప్పితే అండాలు పక్వానికి రాకపోవచ్చు, లేదా ముందే విడుదలైపోవచ్చు. అప్పటిదాకా పడిన కష్టం, ఖర్చు అన్నీ పోతాయి. ఇద్దరి ఫోన్లలోనూ అలారం పెట్టుకోండి.

క్లినిక్‌కు 2021 ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలను నియంత్రించే చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉందా? లేనిచోట మీ పిండాలకు జవాబుదారీ ఉండదు.

క్లినిక్ చెప్పే సక్సెస్ రేటు అంటే పాజిటివ్ టెస్టులా, పుట్టిన బిడ్డలా? మీ వయసువాళ్ల లెక్క అడగండి. పాజిటివ్ వచ్చిన ప్రతి గర్భమూ నిలవదు.

భర్త వీర్య పరీక్ష ముందే చేయించండి. లోపమంతా భార్యదే అనుకోవడం అన్యాయం.

అండాలు తీశాక పొట్ట బాగా ఉబ్బినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆలస్యమైతే ప్రాణం మీదికి రావచ్చు.