ఫుట్‌బాల్ రాత్రి తిండి చెడేది వంటింట్లో కాదు, హాల్లో

మ్యాచ్ చూడ్డానికి పది పదిహేను మందిని ఇంటికి పిలిచి, తిండి దగ్గర ఇబ్బంది పడ్డవాళ్లు ఎక్కువగా మూడు సంగతులే చెబుతారు. వండింది సగం మిగిలింది. మిర్చీలు, అంటే మిర్చి బజ్జీలు, టైమ్‌కి అందలేదు. చుడువ, సకినాలు మెత్తబడ్డాయి. చెప్పిన వెంటనే వంటను తప్పుబడతారు. ఈసారి పిండి వేరేలా కలుపుతామంటారు, దుకాణం మారుస్తామంటారు. నేను చూసినంతలో వంట దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది. మిర్చి వేయించడం, చుడువ కలపడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఇక్కడ వంటకాల కొలతలు ఉండవు.

సమస్య: వండింది సగం మిగిలిపోయింది

మ్యాచ్ మన టైమ్ ప్రకారం ఎప్పుడో చూశారా? ఇంత చిన్న విషయాన్ని ఇంతమంది ఎలా వదిలేస్తారో నాకు అర్థం కాదు. యూరప్ క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు ఎక్కువగా అక్కడ రాత్రి 9కి మొదలవుతాయి. అంటే మనకు చలికాలంలో రాత్రి 1:30. మార్చి ఆఖరి ఆదివారం యూరప్‌లో గడియారాలు ఒక గంట ముందుకు జరిపాక 12:30. ఆ వేళకు వచ్చేవాళ్లు ఇంట్లో 9 గంటలకే అన్నం తిని వస్తారు. వాళ్లకు బిర్యానీ పెడితే మొహమాటానికి రెండు ముద్దలు తిని పక్కన పెడతారు. అర్ధరాత్రి మ్యాచ్‌కి చిరుతిండి, చాయ్ చాలు. అదే 2026 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లా మనకు రాత్రి 9:30కి మొదలయ్యే మ్యాచ్ అయితే, ఎనిమిదిన్నరకే అందరినీ పిలిచి బగారా అన్నం, చికెన్ పెట్టేయండి. విజిల్ పడ్డాక అన్నం ప్లేట్ ఎవరి చేతిలోనూ ఉండకూడదు. కూర కలుపుకోవాలంటే తల దించాలి, తల దించినప్పుడే గోల్ పడుతుంది.

తేదీ కూడా చూసుకోండి. 2026 వరల్డ్ కప్ ఫైనల్ న్యూజెర్సీలో జూలై 19 ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకు. మన దగ్గర అప్పటికి క్యాలెండర్ మారి సోమవారం 12:30 అవుతుంది. మెసేజ్‌లో "సోమవారం రాత్రి" అని పెడితే సగం మంది మరుసటి రోజు వస్తారు. "ఆదివారం రాత్రి అన్నాలు తిని రండి" అని రాస్తే ఎవరికీ అనుమానం ఉండదు.

సమస్య: మిర్చీలు వచ్చేసరికి హాఫ్‌టైమ్ అయిపోయింది

దీనికి కారణం క్రికెట్ అలవాటు. ఆటగా ఫుట్‌బాల్ మనకు కొత్తదేం కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టుకు కోచ్ మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం. కానీ టీవీ ముందు జనాన్ని కూర్చోబెట్టి తిండి పెట్టే పద్ధతి మాత్రం మనకు క్రికెట్‌తోనే వచ్చింది. అక్కడ ఓవర్ ఓవర్‌కీ యాడ్ పడుతుంది. వంటింట్లో ఉన్నవాళ్లు ఒక వాయి తీసి, వచ్చి స్కోరు చూసి, మళ్లీ పోవచ్చు. ఫుట్‌బాల్‌లో 45 నిమిషాలు ఆట నడుస్తూనే ఉంటుంది, తర్వాత దొరికేది 15 నిమిషాలు.

లెక్క వేసి చూడండి. పదిహేను మందికి తలా రెండు అంటే 30 మిర్చీలు. ఇంట్లో మూకుడులో ఒక వాయికి ఆరు పడతాయి, పచ్చిపిండి నుంచి వేగడానికి నాలుగైదు నిమిషాలు. ఐదు వాయిలు అంటే ఇరవై నిమిషాల పైమాట. ఎంత చేయి తిరిగినవాళ్లయినా ఇది 15 నిమిషాల్లో కాదు. వంటింట్లో నిలబడ్డ వదినకో అమ్మకో సెకండ్ హాఫ్ మొదటి పది నిమిషాలు పోతాయి. పిలిచిన ఇంటివాళ్లే మ్యాచ్ చూడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పరిష్కారం బజ్జీ బండి దగ్గర కనిపిస్తుంది. హనుమకొండ చౌరస్తా వైపు సాయంత్రం ఏదైనా బండి దగ్గర కాసేపు నిలబడండి. సగం వేగిన మిర్చీలు పక్కన కుప్పగా ఉంటాయి, అడిగినప్పుడు రెండోసారి నూనెలో పడతాయి. మీరూ అంతే చేయండి. మ్యాచ్‌కి గంట ముందు మధ్యస్థం మంట మీద పిండి గట్టిపడేదాకా, రంగు రాకముందే తీసి, జాలీ మీద విడివిడిగా పరచండి. టీవీలో 40వ నిమిషం కనిపించగానే నూనె పొయ్యి మీద పెట్టండి. హాఫ్‌టైమ్ విజిల్ పడగానే వేడి నూనెలో ఒక్కో వాయి రెండు నిమిషాలు. లోపల ముందే ఉడికింది కాబట్టి వాయికి పది వేసినా తట్టుకుంటాయి. చాయ్ పోసేలోపు అన్నీ అయిపోతాయి.

తీసిన మిర్చీలను హాట్‌బాక్స్‌లో వేసి మూత బిగించకండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే హాట్‌బాక్స్ కనిపిస్తుంది. మిరపకాయలో నీళ్లుంటాయి, వేడికి ఆవిరి వస్తుంది, మూత ఉంటే ఆ ఆవిరి మళ్లీ పిండి మీదే పడుతుంది. తడిసిన మిర్చీ అని ఎవరైనా అంటే నేను అడిగే మొదటి ప్రశ్న మూత పెట్టారా అని. ఉల్లిగడ్డ, నిమ్మకాయ ప్లేట్లో వేసేటప్పుడే, ముందు కాదు.

సమస్య: చుడువ, సకినాలు, అప్పడాలు అరగంటలో మెత్తబడ్డాయి

అసలు చిక్కు ఇక్కడ ఉంది, అందుకే ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను. డబ్బాలో ఉన్నప్పుడు కరకరలాడిన సకినం హాల్లో ప్లేట్లో పెట్టిన అరగంటకు సాగుతుంది. "నిన్ననే తెచ్చిన కదనే, గప్పుడే మెత్తగైనయ్" అంటారు. దుకాణం వాళ్లను తిడతారు. ఇంట్లో చేసినవైతే పిండిలో ఈసారి వెన్న ఎక్కువ వేద్దామంటారు, వేస్తే నూనె పీల్చి విరిగిపోతాయి. కొందరు మెత్తబడ్డ సకినాలను మళ్లీ నూనెలో వేస్తారు. అవి జిడ్డు పట్టి, ఇంకో అరగంటకు మళ్లీ మెత్తబడతాయి. ఎందుకంటే కారణం పిండిలోనూ లేదు, నూనెలోనూ లేదు.

కారణం హాల్లో మూలన తిరుగుతున్న కూలర్.

కూలర్ పని చేసేదే నీటిని ఆవిరి చేసి. తడి గడ్డిలోంచో, అట్ట ప్యాడ్‌లోంచో గాలిని లాగి, చల్లబరిచి, దాంతోపాటు తేమను కూడా గదిలోకి వదులుతుంది. మే నెలలో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, కిటికీ తెరిచి ఉంటే ఆ తేమ బయటికి పోతుంది, ఏ ఇబ్బందీ ఉండదు. మ్యాచ్ రాత్రి మాత్రం పరిస్థితి మారుతుంది. అర్ధరాత్రి గోల్ పడితే అరుస్తాం, పక్కింట్లో పిల్లలు లేస్తారని కిటికీలు, తలుపులు మూసేస్తాం. గదిలో పదిహేను మంది ఊపిరి, చెమట. కూలర్ అదే గాలిని మళ్లీ మళ్లీ తడుపుతుంది. పైగా కూర్చున్నవాళ్లకు గాలి తగలాలని కూలర్‌ను టీపాయ్ వైపు తిప్పుతాం, ప్లేట్లు ఆ టీపాయ్ మీదే ఉంటాయి. వేయించిన బియ్యప్పిండి, అటుకులు, ప్యాలాలు తేమ కనిపిస్తే చాలు పీల్చేస్తాయి.

ఈ కారణం దొరక్కపోవడానికి ఇంకో సంగతి ఉంది. చాలామంది ఇంట్లో పెద్ద ఎత్తున మ్యాచ్ చూడడం 2022 డిసెంబర్‌లో, కతార్ వరల్డ్ కప్‌తో మొదలుపెట్టారు. మెస్సీ కప్పు ఎత్తిన ఫైనల్ మనకు రాత్రి 8:30కి మొదలై, అదనపు సమయం అయ్యేసరికి 3-3తో నిలిచి, పెనాల్టీల దాకా పోయింది. అంతసేపూ ప్లేట్లో ఉన్న చుడువ కరకరలాడుతూనే ఉంది. అది చలికాలం, కూలర్లు బట్ట కప్పుకుని మూలన ఉన్నాయి. ఆ అనుభవం నమ్ముకుని మే, జూన్, జూలైల్లో అదే తిండి అదే హాల్లో పెడితే దెబ్బ తగులుతుంది. వానలు మొదలయ్యాక ఇంకా అన్యాయం. బయటి గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి కూలర్ చల్లబరచదు, గదిని తడుపుతుందంతే. జనం ఒళ్లు జిగటగా ఉందని స్పీడ్ పెంచమంటారు, పెంచితే ఇంకా జిగట. ఒళ్లు అంటుకుంటున్న గదిలో సకినం మెత్తబడిందంటే రెండింటికీ కారణం ఒకటే.

నమ్మకం కుదరకపోతే అప్పడంతో చూడండి. రెండు అప్పడాలు వేయించి, ఒకటి కూలర్ ఎదురుగా, ఒకటి కూలర్ లేని గదిలో పెట్టండి. ఫస్ట్ హాఫ్ అయ్యాక రెండూ విరిచి చూస్తే తెలిసిపోతుంది. ఏసీ గదిలో ఈ ఇబ్బంది రాదు, ఏసీ గాలిలో తేమను తీసేస్తుంది.

ఇక పరిష్కారం. కూలర్‌కు పంపు స్విచ్ వేరుగా ఉంటుంది. దాన్ని ఆపి ఫ్యాన్ ఒక్కటే నడపండి. కానీ ప్లేట్లు పెట్టేటప్పుడు ఆపితే లాభం లేదు, ఇక్కడే చాలామంది రెండోసారి దెబ్బతింటారు. ప్యాడ్లు తడిగానే ఉంటాయి, చాలాసేపు తేమ వస్తూనే ఉంటుంది. జనం రావడానికి గంట ముందే పంపు ఆపండి. కూలర్ లేకుండా ఉండలేని వేడి అయితే, దాన్ని కిటికీ దగ్గర బయటి గాలి లాగేలా పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీ బెత్తెడైనా తెరవండి. పక్కింటివాళ్లకు మ్యాచ్ సంగతి సాయంత్రమే చెప్పి, వీలైతే వాళ్లనూ పిలవండి.

చుడువ మొత్తం ఒకేసారి పళ్లెంలో పోయొద్దు. మూత గట్టిగా ఉండే డబ్బాలో ఉంచి, చిన్న గిన్నెల్లో కొంచెం కొంచెం వేయండి, ఖాళీ అయితే మళ్లీ. ఇప్పటికే మెత్తబడ్డ చుడువను వెడల్పు మూకుడులో నూనె లేకుండా సన్న మంట మీద మూడు నాలుగు నిమిషాలు కలపండి, మళ్లీ కరకరలాడుతుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయండి.

కూలర్ ఆపడం కుదరని ఇంట్లో అయితే తేమకు భయపడని తిండి పెట్టండి. మన వైపు అలాంటివి బోలెడు. శనగ గుడాలు, బొబ్బెర గుడాలు, ఉడికించిన పల్లీలు, జూలైలో మ్యాచ్ అయితే మక్క కంకులు. సర్వపిండి అయితే నాకు అన్నిటికంటే ఇష్టం. సాయంత్రమే కాల్చి, ముక్కలుగా కోసి పెడితే గోరువెచ్చగా ఉన్నా, చల్లారినా రుచిగానే ఉంటుంది. ఒక చేత్తో, టీవీ నుంచి చూపు తిప్పకుండా తినొచ్చు. గుడాలు మాత్రం మధ్యాహ్నం ఉడికించి మూతపెట్టి ఉంచొద్దు, వేసవిలో పులుస్తాయి. గింజలు నానబెట్టి ఉంచుకుని, జనం వచ్చే ముందు ఉడికించి తాలింపు వేయండి.

మిగతావి

నూనె పాతబడి వాసన రావడం, ప్యాలాలు కొన్నప్పుడే తేమ పట్టి ఉండడం, మధ్యలో గ్యాస్ అయిపోవడం కూడా ఉంటాయి, కానీ అరుదు. వాటి కోసం ముందే ఆలోచించక్కర్లేదు. కరెంట్ పోతే ఇన్వర్టర్ మీద టీవీ, వైఫై నడుస్తాయా లేదా అన్నది మధ్యాహ్నమే ఒకసారి మెయిన్ ఆపి చూసుకోండి.

నాకౌట్ మ్యాచ్ అయితే 90 నిమిషాల తర్వాత ఇంకో 30 నిమిషాలు, ఆపైన పెనాల్టీలు ఉండొచ్చు. ఒక డబ్బా చుడువ తెరవకుండా పక్కన పెట్టండి, చాయ్‌కి పాలు ఒక లీటర్ ఎక్కువ తెచ్చుకోండి.