చిన్న నాటు ఆవుకు జెర్సీ సంకరం

కోనసీమ కొబ్బరితోటల్లో కట్టుకునే చిన్న నాటు ఆవును పాడి జాతితో సంకరం చేయదలచినవారు హోల్‌స్టీన్‌ను కాక జెర్సీని ఎంచుకోవాలి. పెద్ద జాతి దూడ కటిలో ఇరుక్కుంటే తల్లి ప్రాణానికే ముప్పు. మానం నుండి గాజులా మెరిసే తీగ వేలాడుతూ, మరో పశువు మీదికెక్కినా ఆవు కదలక నిలబడితే అది నిజమైన ఎద. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రమైతే మర్నాడు ఉదయం ఊళ్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రను పిలిపించి జెర్సీ వీర్యపు సూది వేయించాలి. 21 రోజులకు మళ్లీ ఎదకు రాకపోయినా, చూలు నిలిచిందని పశువైద్యునితో నిర్ధారించుకోవాలి. ఈనడానికి సుమారు 280 రోజులు పడుతుంది.

పుట్టిన పెయ్యకు మళ్లీ శుద్ధ జెర్సీ వీర్యం వేయిస్తే దాని దూడలో జెర్సీ రక్తం 75 శాతానికి చేరి, డెల్టా ఉక్కకు ఆ దూడ రొప్పుతుంది; కనుక సంకర ఆబోతు వీర్యంతో సగం దగ్గరే నిలపడం మేలని నా గట్టి అభిప్రాయం. సంకర కోడెకు మూపురం చిన్నది, కాడి సరిగా నిలవదు. దుక్కికి ఎద్దులు కావలసినవారు ఒక ఆవునైనా నాటు ఆబోతుకే దాటించాలి.