క్రియ చివర దాగిన పక్షపాతం: తెలుగులో అందరినీ సమానంగా చూస్తూ రాయడం ఎలా?

"డాక్టరు వచ్చాడు, నర్సు మందిచ్చింది" అనే వాక్యంలో డాక్టరు, నర్సు అనే మాటలకు లింగభేదం లేదు. డాక్టరు పురుషుడనీ నర్సు స్త్రీ అనీ తేల్చింది క్రియ చివరనున్న డు, ది అనే ప్రత్యయాలు. వాటిని ఎంచుకున్నది రాసినవారి అలవాటు. అందుకే నోటీసైనా, వార్తయినా, పాఠమైనా రాయడం పూర్తయ్యాక ముందుగా క్రియాపదాల చివరలను ఒక్కొక్కటిగా చూసుకోవాలి. ఆ వ్యక్తి స్త్రీయో పురుషుడో తెలియనప్పుడు "డాక్టరు వచ్చారు, నర్సు మందిచ్చారు" అని రాయండి.

1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడపదార్థాలను మినహాయించి తక్కినవాటినే మహత్తులు (వ్యాకరణంలో “గొప్పవి” అనే వర్గం) అన్నారు. వాడుకలోనూ ఏకవచనంలో ఆమె వచ్చింది, ఆవూ వచ్చింది. బహువచనంలోకి వచ్చేసరికి స్త్రీపురుషులు "వచ్చారు" అంటూ ఒకే వరుసలో నిలుస్తారు. నేను కొత్త వ్యాకరణం కోరడం లేదు. మన భాషలో ముందునుంచీ ఉన్న ఈ "రు"ను మరింత ఉదారంగా వాడుకోమంటున్నాను.

నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది మర్యాదలో సమానత్వం. "ఆయన సంతకం చేశారు, ఆవిడ పక్కన కూర్చుంది" వంటి వాక్యాలు మనకు ఎంతగా అలవాటయ్యాయంటే, ఒకే వాక్యంలో ఇద్దరికి రెండు రకాల గౌరవం ఇచ్చామన్న సంగతి కూడా తోచదు. వార్తల్లో అధికారి "చెప్పారు", ఫిర్యాదు చేసిన మహిళ మాత్రం "వాపోయింది". ఒకరికి "రు" ఇస్తే పక్కవారికీ ఇవ్వండి.

దరఖాస్తుల్లో "దరఖాస్తు చేసేవాడు" బదులు "చేసేవారు", "ప్రతి ఒక్కడు" బదులు "ప్రతి ఒక్కరు" అంటే సరిపోతుంది. "అతని/ఆమె" అని గీత పెట్టనక్కరలేదు. "తన" అన్న మాటకు లింగం లేదు. "తండ్రి లేదా భర్త పేరు" అన్న గడి ఇంకా అవసరమా అని కూడా ఆలోచించండి. తల్లి ఒంటరిగా పెంచిన వారు పాన్ దరఖాస్తులో తండ్రి పేరు ఇవ్వనవసరం లేదన్న నియమం 2018 డిసెంబరు 5న అమలులోకి వచ్చింది. రేషన్ కార్డు విషయంలో 18 ఏళ్లు నిండిన స్త్రీలలో పెద్దవారే కుటుంబ పెద్ద అని 2013 నాటి ఆహార భద్రతా చట్టం చెబుతోంది. అయినా "యజమాని పేరు, భార్య పేరు" అని అచ్చువేస్తే ఆ ఫారం చట్టం కన్నా వెనుకబడినట్టే.

అయితే అందరికీ వర్తించే మాట అన్నిచోట్లా చాలదు. "రైతులు" అంటే స్త్రీలూ వస్తారు, కానీ చదివేవారి మనసులో సాధారణంగా మెదిలేది తలపాగా చుట్టిన పురుషుడే. జర్మన్, డచ్ మాట్లాడే 591 మంది ప్రాథమిక పాఠశాల పిల్లలపై జరిగిన ఒక అధ్యయనం 2015లో ప్రచురితమైంది. వృత్తుల పేర్లను స్త్రీ, పురుష రూపాలు రెండింటిలోనూ విన్న పిల్లల్లో, మగవారివిగా పేరుపడ్డ ఉద్యోగాలను తామూ చేయగలమన్న నమ్మకం ఎక్కువగా కనిపించింది. కాబట్టి శిక్షణకో, ఉద్యోగానికో పిలిచేటప్పుడు "మహిళా రైతులు, పురుష రైతులు" అని విడిగా పేర్కొనడం మంచిది. విమానం నడిపిన సంగతి మాత్రమే చెబుతున్నప్పుడు "మహిళా పైలట్" అనవలసిన పని లేదు.

హింస గురించి రాసేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. "మానభంగం", "శీలం పోయింది" అనే మాటలు నేరం చేసినవారి సిగ్గును బాధితురాలి మీదికి నెడతాయి. అత్యాచారం, లైంగిక దాడి అని సూటిగా రాయండి. "ఈవ్ టీజింగ్" వంటి మాటలను విడిచిపెట్టాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు విడుదల చేసిన కరదీపిక కూడా సూచించింది. నేరం రుజువైన తరువాత "దాడి జరిగింది" అని ఆపేయకుండా, దాడి ఎవరు చేశారో కూడా అదే వాక్యంలో ఉంచండి.

"అన్నదమ్ముల్లా కలిసి ఉండాలి" అనే చోట "తోబుట్టువుల్లా" అన్న చక్కని మాట మనకు ఉండనే ఉంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు తమ లింగ గుర్తింపును తామే నిర్ణయించుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2014లోనే తీర్పు చెప్పింది. వారి గురించి రాసేటప్పుడు తమను ఎలా పేర్కొనాలో వారినే అడిగి ఆ మాటే వాడండి. అడిగే వీలు లేకపోతే వారి పేరు, దాని వెంట "రు"తో ముగిసే క్రియ చాలు.