జాంగో పాఠాలు – 6: మిర్చి ధరలకు గీత గీద్దాం

పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే జాంగోలో, పోయిన పాఠంలో వరంగల్ ఏనుమాముల మార్కెట్ మిర్చి ధరల కోసం ఒక మోడల్ (డేటాబేస్ పట్టిక రూపం) రాసుకున్నాం: తేదీ, రకం, క్వింటా ధర. తేజ, చపాటా రకాలకు పది రోజుల నమూనా ధరలు కూడా ఎక్కించుకున్నాం. ఇవాళ వాటిని, బ్రౌజర్‌లో చార్టులు గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ అయిన చార్ట్ జేఎస్‌కు అందిద్దాం.

ముందు వ్యూ, అంటే పేజీకి డేటా సిద్ధం చేసే కోడ్. క్వెరీసెట్‌ను (డేటాబేస్ నుంచి వచ్చే వరుసల గుంపును) ఉన్నదున్నట్టు పంపకండి. తేజ రకం వరకే ఏరి, తేదీల వరుసలో పెట్టి, వాల్యూస్‌తో తేదీ, ధర మాత్రమే తీసుకుని, లిస్ట్‌గా మార్చి, టెంప్లేట్‌కు అందే కాంటెక్స్ట్‌లో వేయండి.

అసలు చిక్కు టెంప్లేట్‌లో, అంటే హెచ్‌టీఎంఎల్ పేజీ నమూనాలో ఉంది. స్క్రిప్ట్ ట్యాగ్ మధ్యలో ఆ వేరియబుల్‌ను నేరుగా పెడితే చార్ట్ రాదు. ఒకసారి పెట్టి, పేజీ సోర్స్ తెరిచి చూడండి. కొటేషన్ గుర్తులన్నీ హెచ్‌టీఎంఎల్ కోడ్‌లుగా మారిపోయి ఉంటాయి. తేదీలేమో పైథాన్ రాసుకునే తీరులోనే దిగి ఉంటాయి. అప్పుడు చాలామంది డేటాను జేసన్‌గా (జావాస్క్రిప్ట్ చదవగల డేటా రూపంలోకి) మార్చి, గుర్తులు అలా కోడ్‌లుగా మారకుండా ఆపే సేఫ్ ఫిల్టర్ పక్కన తగిలిస్తారు. చార్ట్ వస్తుంది, కానీ దయచేసి అలా చేయకండి. రేపు రకం పేరు కూడా పంపుతాం. ఆ గడిలో ఎవరైనా స్క్రిప్ట్ ట్యాగ్ రాసి పెడితే, ధర చూద్దామని వచ్చిన రైతు ఫోన్‌లో అది నడుస్తుంది.

దీనికి జాంగో 2.1 నుంచి జేసన్_స్క్రిప్ట్ (json_script) అనే ఫిల్టర్ ఉంది. వేరియబుల్ పక్కన దాన్ని పెట్టి ఒక ఐడీ ఇవ్వండి. డేటా జేసన్ రూపంలో విడిగా ఒక ట్యాగ్‌లో కూర్చుంటుంది. బ్రౌజర్ దాన్ని కోడ్‌గా నడపదు. మన జావాస్క్రిప్ట్ ఆ ఐడీతో ట్యాగ్‌ను పట్టుకుని, టెక్స్ట్‌కంటెంట్‌ను జేసన్ పార్స్‌కు ఇస్తే చాలు. తేదీలు లేబుల్స్‌లోకి, ధరలు డేటాలోకి.

ఒక్క జాగ్రత్త. ధరకు మనం డెసిమల్ ఫీల్డ్ వాడాం. ఈ దారిలో డెసిమల్ అంకెగా రాదు, స్ట్రింగ్‌గా వస్తుంది. చార్ట్ జేఎస్ దాన్ని అంకెగా మార్చుకుని గీత మామూలుగానే గీస్తుంది, కాబట్టి తప్పు కంటికి కనపడదు. సగటు కడదామని కూడితేనే అంకెలు ఒకదాని పక్కన ఒకటి అతుక్కుంటాయి. పార్స్ అయిన వెంటనే ధరను నంబర్‌గా మార్చుకోండి.

మార్కెట్ సెలవు రోజుకు మాత్రం సున్నా వేయకండి. గీత ఒక్కసారిగా కిందికి పడితే, చూసిన రైతుకు ధర కూలిందన్న టెన్షన్. ధర గడిలో పైథాన్ నన్ (None) పంపండి. జేసన్‌లో అది నల్ అవుతుంది, గీత అక్కడ తెగి మళ్లీ మొదలవుతుంది.

వచ్చే పాఠానికి ముందు చపాటాకు రెండో గీత మీరే కలపండి. ఒక రకానికి ధర లేని తేదీ ఇంకో రకానికి ఉంటే ఏం చేయాలో ఆలోచించి రండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.