మన బడి, మన నీళ్లు – 3వ పాఠం: తరగతిలో లెక్క తీయడం

గత పాఠంలో కూల్‌డ్రింక్ సీసా మీద 100 మిల్లీలీటర్లకు ఎన్ని గ్రాముల చక్కెర ఉందో చదివి, సీసా మొత్తానికి లెక్కకట్టడం నేర్చుకున్నాం. ఈసారి తరగతిలో ఎంతమంది ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకుంటున్నారో లెక్కపెట్టి, గోడమీద రాద్దాం.

"ఇంటి నుంచి నీళ్లెవరు మోసుకొస్తార్రా, అందరూ కొనుక్కునేవాళ్లే" అనే మాట విజయవాడ బళ్లలో వినిపిస్తూనే ఉంటుంది. కొన్న సీసా చేతిలో ఉంటుంది కాబట్టి అందరికీ కనబడుతుంది. ఇంటి సీసా సంచిలోనే ఉండిపోతుంది. అంచనా తప్పేది అక్కడే. ఆ అంచనాను నమ్మి తెచ్చుకునేవాడూ మానేస్తాడు. వాడు కొన్న సీసా ఏ ఏలూరు కాలువలోనో తేలుతుంది.

అరచేయంత చీటీలు, మనిషికొకటి. పేరు వద్దు. మూడు ప్రశ్నలు:
1. నిన్న ఇంటి నుంచి నీళ్లు తెచ్చావా?
2. తరగతిలో పదిమందికి ఎంతమంది తెచ్చుంటారు?
3. తేకపోతే ఎందుకు?

"రోజూ తెస్తావా" అని అడగకండి, మంచి పేరు కోసం ఔనంటారు. "నిన్న" అంటే గుర్తు చేసుకుని రాస్తారు. అందుకే సోమవారం పనికిరాదు, నిన్న ఆదివారం. చేతులెత్తించడం అసలే వద్దు, పక్కవాడిని చూసి ఎత్తుతారు. చీటీలు మడిచి అట్టపెట్టెలో వేయించి, ఇద్దరు కలిసి లెక్కపెట్టండి. ఖాళీ చీటీలు పక్కన పెట్టేయండి.

ఉదాహరణకు 40 చీటీల్లో 26 ఔను అనుకుందాం. అంటే పదికి ఆరున్నర. రెండో ప్రశ్న జవాబులన్నీ కూడితే 152 వచ్చింది, 40తో భాగిస్తే 3.8. పిల్లలు నాలుగనుకుంటున్నారు, నిజం ఆరున్నర. గోడమీద రాయాల్సింది ఇదే: "మన తరగతిలో 40 మందిలో 26 మంది ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకున్నారు."

లెక్క తక్కువొస్తే? "ఎవరూ తేవడం లేదు, సిగ్గుపడండి" అని మాత్రం రాయకండి. అమెరికాలో అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులో, చాలామంది సందర్శకులు శిలాజ కలప ముక్కలు ఎత్తుకుపోతున్నారని బోర్డు పెట్టి పరీక్షిస్తే దొంగతనం పెరిగింది. అందరూ చేసే పనేగా అనిపించింది జనానికి. అందుకే లెక్క తక్కువొస్తే ఏమీ రాయకుండా నెల ఆగి మళ్లీ లెక్కపెట్టండి. 9 కాస్తా 14 అయితే ఆ పెరుగుదలను రాయండి. అంకె పెంచి మాత్రం రాయొద్దు. పక్క బెంచీ అందరికీ కనబడుతుంది, ఒక్కసారి అబద్ధమని తెలిస్తే తర్వాతి లెక్కనూ నమ్మరు. ఒంటిపూట బడుల లెక్కను మామూలు రోజులతో పోల్చకండి, బడి గంటలే వేరు.

మూడో ప్రశ్న చీటీలు నిదానంగా చదవండి. "బాత్రూంకి గడియ లేదు, అందుకే నీళ్లు తాగను" అని ఆడపిల్లలు రాసి ఉండొచ్చు. అక్కడ ఏ పోస్టరూ పనిచేయదు. నీళ్లు తాగకుండా, మూత్రం ఆపుకుంటూ ఉంటే ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. అలాంటివి రెండు చీటీలున్నా చాలు, గోడ రాత ఆపి ముందు గడియ సంగతి చూడమని హెడ్‌మాస్టరుగారికి రాసివ్వండి. "సీసా వాసనొస్తోంది" అన్నవాళ్లకు మూత లోపలి రబ్బరు రింగు తీసి సబ్బుతో తోమి, బోర్లించి ఆరబెట్టమని చెప్పండి.

వచ్చే పాఠానికి మీ రెండు అంకెలూ, కారణాల జాబితా దగ్గర పెట్టుకోండి. చీటీలు పారేయకండి, వెనకవైపు మళ్లీ వాడతాం.