యాక్షన్ యానిమేషన్ – 5వ పాఠం: గాల్లో 12 ఫ్రేములు

పోయిన పాఠంలో అలిపిరి మెట్లు ఎక్కేవాళ్ళను గమనించాం. మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి చాలామంది చేత్తో మోకాలిని నొక్కిపట్టి గానీ పైకి లేవలేరు. మనిషి బరువెంతో ఆ నొక్కుడులోనే తెలిసిపోతుంది. ఈసారి అదే బరువును నేల మీద నుంచి పైకి లేపుదాం.

షాట్ ఇది. చంద్రగిరి దగ్గర రంగంపేటలో సంక్రాంతి రోజుల్లో జరిగే పశువుల పండుగ. కొమ్ములకు పలకలు కట్టిన ఎద్దు వీధిలో దూసుకొస్తోంది. ఆ పలకను లాక్కోబోయిన కుర్రాడికి పట్టు దొరకలేదు. వెనక్కి తిరిగి నాలుగడుగులు పరుగెత్తి, పక్కింటి అరుగు మీదికి దూకాడు. అరుగు ఎత్తు మోకాలికి కాస్త పైదాకా. భుజాన తువ్వాలు ఉంది. ఎద్దు జోలికి ఇప్పుడు పోవద్దు, నాలుగు కాళ్ళ పరుగుకు వేరే పాఠం ఉంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళ దూకుళ్ళు చూస్తే పాత్ర నీళ్ళలో తేలుతున్నట్టు ఉంటుంది. పోజులు బాగానే గీస్తారు, తప్పంతా వాటి మధ్య దూరాల్లో ఉంటుంది. మనం వాడే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో రెండు కీలు (ఏ ఫ్రేములో శరీరం ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) పెడితే అది తనంతట తానే మొదట్లో మెల్లగా, మధ్యలో వేగంగా, చివర్లో మళ్ళీ మెల్లగా కదిలిస్తుంది. చెయ్యి ఊపడానికి అది సరిపోతుంది. గాల్లో ఉన్న శరీరం అలా కదలదు.

కాస్త లెక్క చూద్దాం, భయపడొద్దు. కాలు నేల వదిలాక నడుము అర మీటరు పైకి లేస్తుందనుకోండి. భూమ్యాకర్షణ ప్రకారం దానికి పట్టేది 0.32 సెకను. సెకనుకు 24 ఫ్రేముల (విడి బొమ్మల) లెక్కన దాదాపు 8 ఫ్రేములు. ఆ 8 ఫ్రేముల్లో కదిలే దూరాలు వరసగా 15, 13, 11, 9, 7, 5, 3, 1 పాళ్ళలో తగ్గుతూ పోతాయి. అంటే మొదటి ఫ్రేములో సుమారు 12 సెంటీమీటర్లు, ఆఖరి ఫ్రేములో ఒక సెంటీమీటరు కూడా ఉండదు. మొదటి 4 ఫ్రేముల్లోనే ఎత్తులో ముప్పాతిక వంతు అయిపోతుంది. మిగతా పాతిక వంతుకు ఇంకో 4 ఫ్రేములు. దూకినవాడు పైన ఒక క్షణం ఆగినట్టు మన కంటికి అనిపించేది ఇందుకే. ఆ ఆగడాన్ని విడిగా పెట్టాల్సిన పని లేదు, దూరాలు సరిగ్గా ఉంటే అదే వస్తుంది.

దిగేటప్పుడు 1, 3, 5, 7. అరుగు నేలకన్నా ఎత్తు కాబట్టి 4 ఫ్రేములకే పాదాలు తగులుతాయి. మొత్తం గాల్లో ఉండేది 12 ఫ్రేములు, అర సెకను. ఎక్కడం 8, దిగడం 4. ఈ తేడా లేకుండా చెరి 6 పెడితే ఎత్తు మీదికి దూకిన భావం రాదు.

ఇప్పుడు బ్లెండర్‌లో కదలికను గీతలుగా చూపే గ్రాఫ్ ఎడిటర్ తెరవండి. నడుము కంట్రోల్‌కు ఎత్తు చూపే జెడ్ గీతలో మూడు కీలు చాలు: నేల వదిలే చోటు, శిఖరం, అరుగు తగిలే చోటు. మొదటి కీ ఎంచుకుని, కీబోర్డులో టీ నొక్కి క్వాడ్రాటిక్ పెట్టి, ఈజింగ్‌ను ఈజ్ అవుట్ (వేగంగా మొదలై మెల్లబడేది) చేయండి. శిఖరం దగ్గరి కీకి క్వాడ్రాటిక్, ఈజ్ ఇన్ (మెల్లగా మొదలై వేగం పెరిగేది). ముందుకు పోయే గీత మాత్రం తిన్నగా ఉండాలి, అంటే లీనియర్. గాల్లో తోసేది ఏదీ లేదు కాబట్టి ముందుకు పోయే వేగం మారదు. నీళ్ళలో తేలినట్టు ఉండే షాట్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క గీత తిన్నగా చేస్తే బాగుపడతాయి. సూక్ష్మంగా చూస్తే ఈ వంపు శరీర భారకేంద్రానిది. నడుము దానికి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి మన పనికి చాలు.

దూకే ముందు సంగతి. పరుగులోంచి దూకేవాడు ఆగి, గొంతుకు కూర్చుని, అప్పుడు ఎగరడు. చివరి అడుగుకు ముందరి అడుగులోనే నడుము కొంచెం కిందికి దిగుతుంది, చేతులు వెనక్కి పోతాయి. చివరి కాలు నేలకు తగిలిన 3, 4 ఫ్రేముల్లో అంతా ముందుకీ పైకీ విచ్చుకుంటుంది. ముందు నడుము, తర్వాత ఛాతీ, ఆ తర్వాత భుజాలు, అన్నిటికన్నా ఆఖర్న వేళ్ళు. అన్నీ ఒకే ఫ్రేములో కదిలితే కీ ఇచ్చిన బొమ్మ కదిలినట్టు ఉంటుంది.

దిగాక పాదాలు అరుగు మీద ఆగుతాయి, నడుము ఆగదు. ఇంకో 4 ఫ్రేములు కిందికి దిగి, మోకాళ్ళు మడిచి, తర్వాత 10, 12 ఫ్రేముల్లో నిదానంగా లేస్తుంది. ఇక తువ్వాలు చూడండి. ఎగిరేటప్పుడు దాని కొస కిందికి వెనకబడుతుంది. మనిషి శిఖరం చేరేసరికి అది ఇంకా పైకే పోతుంటుంది. పాదాలు అరుగుకు తగిలిన ఫ్రేములో కొస భుజం కన్నా పైన ఉండాలి. రెండు మూడు ఫ్రేముల తర్వాత వచ్చి ఛాతీకి కొడుతుంది. నన్నడిగితే ఈ షాట్‌లో అన్నిటికన్నా అందమైన చోటు ఇదే. తొందరపడి వదిలేయకండి.

ఇవన్నీ ఊహించి చేయొద్దు, వీడియో తీసుకోండి. ఉరికే గుర్రాన్ని చిత్రకారులు నాలుగు కాళ్ళూ చాచి గాల్లో తేలుతున్నట్టు ఎన్నో ఏళ్ళు గీశారు. 1878లో మైబ్రిడ్జ్ వరస ఫొటోలు తీస్తేనే తెలిసింది, కాళ్ళు నాలుగూ నేల వదిలేది అవి పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడని. కంటిని నమ్మి చేసే యాక్షన్‌లో ఇలాంటి పొరపాట్లు దొర్లుతూనే ఉంటాయి. పండుగకు వెళ్ళేవాళ్ళు మిద్దె మీద నుంచే తీయండి, వీధిలోకి దిగొద్దు. పండుగ దాకా ఆగలేనివాళ్ళు పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌కు వెళ్ళి, స్నేహితుడి చేత ఏదైనా గట్టు మీదికి దూకించండి. పక్క నుంచి, ఫోన్ కదలకుండా, స్లో మోషన్‌లో తీయాలి. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనైతే ప్రతి పదో ఫ్రేమూ మన 24 లెక్కకు సరిపోతుంది.

ఈ వారం పని: రిగ్‌కు (పాత్రను కదిలించే ఎముకల అమరికకు) చేతులు, తల, బట్టలు అన్నీ దాచేసి నడుమూ కాళ్ళతో మాత్రమే ఈ దూకుడు చేయండి. నడుము పోయే దారిని చుక్కలుగా చూపే మోషన్ పాత్ ఆన్ చేసి చుక్కల మధ్య దూరాలు స్కేలుతో కొలవండి. పైకి వెళ్ళే కొద్దీ చుక్కలు ఎత్తులో దగ్గరపడాలి, అడ్డంగా మాత్రం సమాన దూరంలో ఉండాలి. అది కుదిరేదాకా చేతుల జోలికి పోవద్దు. వచ్చే పాఠంలో అదే కుర్రాడు అరుగు మీద నుంచి తూలి, పట్టు కోసం స్తంభాన్ని పట్టుకుంటాడు.